ఇష్టపడి విడిపోయేవారికి లాయరు ఎందుకు?

భార్యాభర్తలిద్దరూ విడిపోదామని నిర్ణయించుకున్నారు. గొడవలు లేవు, లేదా ఉన్నవి తీరిపోయాయి. పెద్దలు కూర్చుని ఇచ్చిపుచ్చుకోవలసినవి మాట్లాడేశారు. ఇక మిగిలింది కోర్టు డిక్రీ ఒక్కటే. అలాంటప్పుడు లాయరు అవసరమా? అవసరమైతే ఇద్దరికీ ఒకరు చాలా, చెరొకరు కావాలా? ఫీజు ఇస్తున్నది ఏ పనికి? పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకోబోయే ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్నలు వస్తాయి. చుట్టాలు ఒక జవాబు చెబుతారు, ప్లీడరు గుమాస్తా ఇంకొకటి చెబుతాడు, చట్టం చెప్పేది మూడోది. ఈ జవాబులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఇలాంటి కేసులో లాయరు అసలు పని కోర్టు హాల్లో కంటే ఒప్పందం కాగితం మీదే ఎక్కువ. ఆ కాగితాన్ని మీ పక్షాన చదివి చెప్పే మనిషి ఒకరు ఉండి తీరాలి.

చట్టం అడిగేవి

1955లో వచ్చిన హిందూ వివాహ చట్టంలో మొదట ఈ దారి లేదు. అంతకు ఏడాది ముందే వచ్చిన ప్రత్యేక వివాహ చట్టంలో 28వ సెక్షన్ కింద ఉంది. హిందూ వివాహాలకు మాత్రం 1976 సవరణతో 13బి సెక్షన్ చేర్చాకే ఈ వీలు కలిగింది. అప్పటిదాకా ఇద్దరికీ ఇష్టమే అయినా ఎవరో ఒకరు రెండోవారి మీద నేరం మోపి రుజువు చేయవలసి వచ్చేది. క్రైస్తవులకు 1869 విడాకుల చట్టంలో 10ఎ సెక్షన్ 2001లో వచ్చింది. ముస్లింలకు ముబారాత్ అనే పరస్పర అంగీకార పద్ధతి వారి పర్సనల్ లాలోనే ఉంది. ఇక్కడ ఎక్కువగా మాట్లాడుకునేది 13బి గురించే.

ఈ సెక్షన్ కోరేవి మూడు. ఏడాది, లేదా అంతకు మించి విడిగా ఉండాలి. కలిసి బతకలేకపోయి ఉండాలి. విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకొని ఉండాలి. ఎందుకు విడిపోతున్నారో చెప్పమని చట్టం అడగదు. కాబట్టి పిటిషన్‌లో ఒకరి మీద ఒకరు నిందలు రాసుకోవలసిన పని లేదు. మీ తరఫు లాయరు అలాంటివి రాస్తే తీసేయమని అడగండి. విడిగా ఉండడమంటే వేరు ఇళ్లలో ఉండడమే అనుకోనక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా మెలగకపోతే విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది.

పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలలు దాటకుండా ఇద్దరూ మళ్లీ కోర్టు ముందుకు వచ్చి మా మాట మీదే ఉన్నామని చెప్పాలి. కోర్టుల దగ్గర దీన్ని సెకండ్ మోషన్ అంటారు. ఈ గడువు గురించి అపోహలు చాలా ఉన్నాయి. ‘ఆరు నెలలు ఇప్పుడు అక్కర్లేదట’ అని చెప్పేవారు 2017 నాటి అమర్‌దీప్ సింగ్ తీర్పును సగమే చెబుతున్నారు. ఆ తీర్పు ప్రకారం తగిన కేసుల్లో జడ్జి ఆ గడువును మినహాయించవచ్చు. అందుకు షరతులున్నాయి. మొదటి పిటిషన్ వేసేనాటికే ఏడాదీ, పైన ఆరు నెలలూ విడిగా గడిచి ఉండాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల విషయం, ఇతర లావాదేవీలు నిజంగా తేలిపోయి ఉండాలి. ఇంకా ఆపడం వల్ల బాధ పెరగడమే తప్ప ప్రయోజనం లేదని జడ్జికి అనిపించాలి. పిటిషన్ వేసిన వారానికి మినహాయింపు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జి విచక్షణ. ‘నెలలో తెప్పిస్తాను’ అని ముందే మాట ఇచ్చే లాయరు తన చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నాడు.

2023 మే నెలలో శిల్పా శైలేష్ కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పునూ చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. కోలుకోలేనంతగా చెడిపోయిన వివాహాన్ని రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద రద్దు చేసే అధికారం సుప్రీంకోర్టుకు ఉందని ఆ తీర్పు చెప్పింది. ఆ అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, డిక్రీ వచ్చే క్షణం దాకా సమ్మతి నిలిచి ఉండాలి. మధ్యలో ఎవరైనా వెనక్కి తగ్గవచ్చని సురేష్టా దేవి తీర్పే చెప్పింది. ఆ సమ్మతి బలవంతం వల్లనో మోసం వల్లనో వచ్చింది కాదని కోర్టు తృప్తిపడాలి. లాయరు ప్రశ్న మొత్తం ఈ రెండింటి చుట్టూ తిరుగుతుంది.

స్టాంపు కాగితం మీద తెగతెంపులు

కోర్టుకు పోకుండానే పని అయిపోయిందనుకునేవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పెద్దమనుషులు కూర్చుంటారు. కట్నం, బంగారం, సారె సామాను లెక్క తేలుస్తారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇకపై ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులు లేవు’ అని రాయించి, సాక్షుల సంతకాలు తీసుకుని, నోటరీ ముద్ర వేయిస్తారు. ఆ కాగితంతో వివాహం రద్దు కాదు. కులాచారం ప్రకారం విడాకులు ఇచ్చుకునే సంప్రదాయాన్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడింది నిజమే. కానీ అలాంటి ఆచారం ఉందని వాదించేవారే దాన్ని రుజువు చేయాలి. రుజువు కాకపోతే ఆ కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. పైగా మొదటి వివాహం ఉండగా మరో పెళ్లి చేసుకున్న నేరం మెడకు చుట్టుకుంటుంది. నోటరీ కాగితమే విడాకులని చెప్పి డబ్బు తీసుకునే మనిషి, నల్లకోటు వేసుకున్నా సరే, మీకు కీడు చేస్తున్నాడు.

లాయరు లేకుండా వీలవుతుందా?

వీలవుతుంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అసలు ఆ కోర్టులో లాయరును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు, కోర్టు అనుమతి కావాలి. లాయర్లు వకాలత్‌తో పాటు అనుమతి దరఖాస్తు పెడతారు, కోర్టులు మామూలుగా ఒప్పుకుంటాయి. ఇంటి సమస్య ఇంటి మనుషులే జడ్జితో నేరుగా మాట్లాడుకుని తేల్చుకోవాలన్నది ఆ చట్టం ఉద్దేశం. కాబట్టి సొంతంగా పిటిషన్ వేసుకుంటామంటే ఎవరూ కాదనరు.

హాల్లో జరిగే పని కూడా కొద్దిసేపే. కేసు పిలుస్తారు. ఇద్దరూ ముందుకు వస్తారు. ఆధార్ కార్డులు చూస్తారు. పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యంగా శుభలేఖ, పెళ్లి ఫోటో దాఖలు చేస్తారు. ఇద్దరి పేర్లూ, ముహూర్తం, కల్యాణమండపం అచ్చువేసి ఉన్న ఆ శుభలేఖ మీద బెంచి గుమాస్తా ఎగ్జిబిట్ నంబరు వేస్తాడు. జడ్జి ఒక్కొక్కరినీ అడుగుతారు: ‘మీ ఇష్టంతోనే వచ్చారా? ఎవరైనా బలవంతపెట్టారా? ఒప్పందంలో రాసింది మీకు తెలుసా?’ జవాబులు రాసుకుంటారు, సంతకాలు తీసుకుంటారు. ఇందులో వాదన లేదు, క్రాస్ ఎగ్జామినేషన్ లేదు.

అయితే పిటిషన్ ఎక్కడ వేయాలన్నది మొదటి చిక్కు. పెళ్లి జరిగిన చోట, చివరిసారి కలిసి కాపురం ఉన్న చోట వేయవచ్చు. భార్య ప్రస్తుతం ఉంటున్న చోట వేసే వీలు 2003 సవరణతో వచ్చింది. ఫ్యామిలీ కోర్టు లేని పట్టణంలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్లాలి. కాగితాల్లో పేరు ఆధార్‌లో ఒకలా, శుభలేఖలో ఇంకోలా ఉంటే రిజిస్ట్రీ నుంచి పిటిషన్ తిరిగి వస్తుంది. అభ్యంతరాలు సరిచేసి మళ్లీ వేయాలి. ఈ తిరుగుడు తప్పించడానికి లాయరును పెట్టుకోవడం తప్పేమీ కాదు. ఓపిక, చదువు ఉన్నవారు సొంతంగానూ చేసుకోగలరు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఫ్యామిలీ కోర్టు ఇద్దరి సమ్మతితో ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదని ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. వాదించి ఓడిపోయినవారికి పై కోర్టు ఉంది. ఒప్పుకొని సంతకం పెట్టినవారికి లేదు. మోసం జరిగిందని రుజువు చేయగలిగితే తప్ప ఆ కాగితం కదలదు. కేసు తేలికైనదని అశ్రద్ధ చేసేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తేలికైన కేసులోనే తప్పు దిద్దుకునే వీలు తక్కువ.

ఇద్దరికీ ఒక్క లాయరు

మన కోర్టుల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే. ఇద్దరూ పిటిషనర్లే, ప్రతివాది లేడు, కాబట్టి ఒకే లాయరు ఇద్దరి వకాలత్ వేస్తాడు. ఖర్చు తగ్గుతుంది, కాగితం తొందరగా తయారవుతుంది. పిల్లలు లేరు, ఆస్తి లేదు, ఇద్దరికీ సంపాదన ఉంది, ఏడాదిన్నరగా ఎవరి దారి వారిదే అయితే ఇది సరిపోతుంది.

కానీ ఆ లాయరు దగ్గరికి మొదట వెళ్లింది ఎవరు? ఫీజు ఇస్తున్నది ఎవరు? చాలాసార్లు ఒక పక్షమే లాయరును కుదుర్చుకుంటుంది, రెండో పక్షం వచ్చి సంతకం పెడుతుంది. ఆ రెండో పక్షం చాలాసార్లు అమ్మాయి. ‘మా లాయరే చూసుకుంటాడు, నువ్వు వచ్చి సంతకం పెట్టు చాలు’ అనే మాట విన్నప్పుడు ఆగి ఆలోచించాలి. ఒక పక్షానికి సలహా చెప్పిన లాయరు అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి. సెకండ్ మోషన్‌కు ముందు ఒకరు వెనక్కి తగ్గితే ఇద్దరి మాటలూ విన్న ఆ లాయరు ఎవరి పక్షాన నిలబడతాడు? న్యాయంగా అయితే ఎవరి పక్షానా నిలబడలేడు. ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి వేరే లాయర్లను వెతుక్కోవాలి. పైగా ఉమ్మడి లాయరుకు మీరు చెప్పిన మాట రెండోవారి దగ్గర గుట్టుగా ఉంటుందని అనుకోలేరు.

దీనికి మధ్యేమార్గం ఉంది. పిటిషన్ ఒక లాయరే వేయవచ్చు. ఒప్పందం ముసాయిదాను మాత్రం రెండో పక్షం తనకు నచ్చిన వేరే లాయరుకు చూపించుకోవాలి. ఆ లాయరు కోర్టుకు రానక్కర్లేదు, వకాలత్ వేయనక్కర్లేదు. ఒక పూట కూర్చుని చదివి, దీనివల్ల మీకు ఏమి వస్తోంది, ఏమి పోతోంది అని చెబితే చాలు. పిల్లలున్నా, ఇల్లున్నా, అప్పున్నా, కేసులున్నా, ఒకరు సంపాదిస్తూ మరొకరు ఇంటి దగ్గర ఉన్నా ఈ చదువు మానకూడదు.

ఒప్పందంలో ఏముండాలి

‘భర్త భార్యకు శాశ్వత భరణం కింద తగిన మొత్తం చెల్లించును. పిల్లవాడు తల్లి వద్ద ఉండును, తండ్రి చూడవచ్చును.’ మూడు ముక్కల్లో ఇలా రాసిన ఒప్పందం రేపటి గొడవకు విత్తనం. తగిన మొత్తం అంటే ఎంత? ఏ తేదీకి? చెక్కా, డీడీనా? ఎంత భాగం మొదటి పిటిషన్ రోజు, ఎంత సెకండ్ మోషన్ రోజు? సెకండ్ మోషన్ రోజు డీడీ చేతికి వచ్చాక వాంగ్మూలం ఇవ్వడం మన కోర్టుల్లో బాగా వాడుకలో ఉన్న జాగ్రత్త. డీడీ నంబరు, బ్యాంకు, తేదీ వాంగ్మూలంలో నమోదు కావాలి.

పిల్లల విషయంలో ఇంకా వివరంగా రాసుకోవాలి. ఏ వారాంతం ఎవరి దగ్గర, సంక్రాంతి సెలవులు ఎవరికి, దసరా ఎవరికి, వేసవిలో ఎన్ని రోజులు, స్కూలు ఫీజు ఎవరు కట్టాలి, జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, పాస్‌పోర్టుకు సంతకం కావలసి వస్తే రెండోవారు పెడతారా. పిల్లలకు రావలసిన పోషణ హక్కును తల్లీతండ్రీ కలిసి రద్దు చేసుకోలేరు. అవసరమైతే కోర్టు హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద తర్వాత కూడా పిల్లల సంరక్షణ, చదువు, పోషణ గురించి ఉత్తర్వులు మార్చవచ్చు. ఈ మాట దంపతులకు ముందే చెప్పడం లాయరు బాధ్యత.

బంగారం, పెళ్లి సామాను పట్టిక వేయాలి. స్త్రీధనం భార్య సొంతమని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. ఏమేమి తిరిగి ముట్టాయో గ్రాముల్లో, వస్తువుల పేర్లతో రాసుకుంటే తర్వాత మాట పెరగదు. తెలంగాణకు చెందిన ఒక కేసులో అలా మాట పెరిగింది. అమెరికాలో స్థిరపడిన దంపతులు అక్కడే ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ తేల్చుకుని విడాకులు తీసుకున్నారు. ఏళ్లు గడిచాక అమ్మాయి తండ్రి పెళ్లినాటి బంగారం తిరిగి ఇవ్వలేదంటూ మాజీ వియ్యాలవారి మీద కేసు పెట్టాడు. స్త్రీధనం కూతురిదేననీ, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి అడగలేడనీ సుప్రీంకోర్టు 2024లో ఆ కేసు కొట్టేసింది. ఒప్పందంలో సామాను లెక్క స్పష్టంగా ఉండాలనీ, సంతకం పెట్టవలసింది దంపతులిద్దరేననీ ఈ కేసు చెబుతోంది.

ఇక ఇంటి అప్పు. ‘ఇకపై ఈఎంఐ భర్తే కడతాడు’ అని దంపతులు రాసుకున్నా బ్యాంకును ఆ మాట కట్టిపడేయదు. అప్పు పత్రంలో ఇద్దరి సంతకాలుంటే కిస్తీ తప్పినప్పుడు బ్యాంకు ఇద్దరినీ అడుగుతుంది. బ్యాంకుతో మాట్లాడి ఒకరి పేరు తీయించడం, ఇల్లు ఒకరి పేరిట మారాలంటే రిజిస్టర్డ్ పత్రం రాయించడం విడిగా చేయాలి. నామినీ మార్పులు కూడా అంతే.

ఇంకొక సంగతి భాష. మన కోర్టుల్లో పిటిషన్లు, ఒప్పందాలు ఎక్కువగా ఇంగ్లీషులో టైపు అవుతాయి. చివర ‘చదివి వినిపించగా అర్థమై సంతకం చేసితిని’ అనే అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. నిజంగా ఎవరైనా చదివి వినిపించారా? తెలుగులో ప్రతి తయారు చేయమని అడగండి. ఇవ్వనంటే సంతకం వాయిదా వేయండి. ఒక వాయిదా పోతే నష్టం లేదు.

కేసులుంటే

పరస్పర అంగీకారానికి రాకముందు పెట్టుకున్న కేసులు చాలా ఇళ్లలో ఉంటాయి. భర్త, అత్తింటివారి వేధింపుల మీద పెట్టే 498ఎ, గృహహింస, మనోవర్తి, కాపురానికి రమ్మనే దావా. ఒప్పందంలో ప్రతి కేసు నంబరు, కోర్టు పేరు రాసి, ఎవరు ఎప్పటికి ఉపసంహరించుకోవాలో చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో తెచ్చిన రాష్ట్ర సవరణ 498ఎ కేసును కోర్టు అనుమతితో, కనీసం మూడు నెలల వ్యవధి మీద రాజీ చేసుకునే వీలు కల్పించింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నేరం 85వ సెక్షన్. కొత్త ప్రొసీజర్ చట్టంలోని రాజీ నేరాల పట్టికలో అది లేదు, హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టివేయించుకోవలసి (క్వాష్) వస్తుంది. మీ కేసు ఏ తేదీదో చూసి దారి చెప్పవలసింది లాయరే. డబ్బు ముందు ఇస్తే కేసు ఎత్తేయరని ఒకరికి భయం, కేసు ముందు ఎత్తేస్తే డబ్బు రాదని మరొకరికి భయం. మొత్తాన్ని విడతలుగా పంచి, ఒక్కో విడతను ఒక్కో మెట్టుకు ముడిపెట్టి రాసే నేర్పు ఉన్న లాయరు ఈ ఇద్దరి భయాన్నీ తీర్చగలడు.

విదేశాల్లో ఉంటే

తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట విషయంలో భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుంటే, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, విడాకులకు ఆధారంగా చూపిన కారణం మన చట్టంలో లేదు. అదే తీర్పు రెండో పక్షం సమ్మతించిన సందర్భాన్ని మినహాయించింది. కాబట్టి విదేశీ కోర్టులో ఇద్దరూ ఒప్పుకొని తీసుకున్నప్పుడు ఆ సమ్మతి కాగితాల్లో స్పష్టంగా కనిపించాలి. ఇక్కడే వేయాలనుకుంటే ప్రతి వాయిదాకు విమానమెక్కనక్కర్లేదు. వీడియో ద్వారా హాజరవడాన్నీ, తగిన కారణముంటే తల్లిదండ్రులో తోబుట్టువులో ప్రాతినిధ్యం వహించడాన్నీ అమర్‌దీప్ సింగ్ తీర్పు అంగీకరించింది. విదేశంలో రాసిన పవరాఫ్ అటార్నీకి మన దేశం చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ చిన్న గడువు మరిచిపోయి నెలల తరబడి ఇబ్బందిపడేవారున్నారు.

ఫీజు, ఉచిత సాయం

కోర్టు ఫీజు స్వల్పం. ఖర్చంతా లాయరు ఫీజే. అందులో ఏమేమి కలిసి ఉన్నాయో మొదటి రోజే అడగాలి: ఒప్పందం రాయడం, పిటిషన్, మినహాయింపు దరఖాస్తు, సెకండ్ మోషన్, టైపు ఖర్చులు, డిక్రీ నకలు. విడాకుల డిక్రీ ప్రతిని ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది. వచ్చిన భరణంలో ఇంత శాతం అని లాయరు అడిగితే ఒప్పుకోకండి. కేసు సొమ్ములో వాటా అడగడం వృత్తి నియమాలకు విరుద్ధం. తెలంగాణ నుంచి వెళ్లిన బి.సునీత కేసులో సుప్రీంకోర్టు 2017లో ఈ మాటే చెప్పింది. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు దగ్గర పెట్టుకోకూడదని అంతకుముందే 2000లో తేల్చింది. కేసు నమోదయ్యాక పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు తీసుకోండి. వాయిదాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు.

డబ్బు లేదని ఎవరూ చదవని కాగితం మీద సంతకం పెట్టనక్కర్లేదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, కింది స్థాయిలో మండల కమిటీలున్నాయి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

మారవలసినవి

ఈ ప్రశ్నకు దంపతులు ఎవరికి వారు జవాబు వెతుక్కుంటే సరిపోదు, కోర్టులు చేయగలిగినవీ ఉన్నాయి. ఫ్యామిలీ కోర్టుల్లో 13బి పిటిషన్‌కూ ఒప్పందానికీ సరళమైన తెలుగు నమూనాలు అందుబాటులో పెట్టాలి. ఖాళీలు నింపితే పని జరిగేటంత తేలికగా అవి ఉండాలి. మొదటి పిటిషన్ విచారణకు రాకముందే, సొంత లాయరు లేని పక్షానికి న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరు ఒకరు ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించి, వినిపించానని సంతకం చేసే ఏర్పాటు రావాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. లాయర్లూ ఉన్నారు, సంస్థలూ ఉన్నాయి.

అంతవరకు దంపతులు చేయగలిగింది ఒకటుంది. వాదించడానికి లాయరు అక్కర్లేకపోవచ్చు, ఇద్దరికీ ఒక్క లాయరే పిటిషన్ వేయవచ్చు, తోచితే సొంతంగానూ వేసుకోవచ్చు. కానీ అప్పీలు లేని కాగితం మీద సంతకం పెట్టేముందు, ఎదుటివారి దగ్గర ఫీజు తీసుకోని ఒక లాయరు ఆ కాగితాన్ని మీకు అర్థమయ్యే భాషలో మొదటి నుంచి చివరి దాకా చదివి చెప్పాలి. ఇంకే ఖర్చు తగ్గించుకున్నా ఈ ఖర్చు తగ్గించుకోకండి.